వేలంలో ఫాస్ట్ బౌలర్: వెల దేనికి, నష్టం ఎవరికి?

2024 నవంబర్ 24, 25 తేదీల్లో జెడ్డాలో ఐపీఎల్ మెగా వేలం జరిగింది. అందులో ఇద్దరు బౌలర్ల పాట సరిగ్గా ఒకే అంకె దగ్గర ఆగింది. టి.నటరాజన్‌ని ఢిల్లీ రూ.10.75 కోట్లకు పాడుకుంది. భువనేశ్వర్ కుమార్‌ని బెంగళూరు అదే రూ.10.75 కోట్లకు పాడుకుంది. ఇద్దరూ అప్పటిదాకా మన హైదరాబాద్ సన్‌రైజర్స్ వాళ్లే. ఏళ్ల తరబడి ఉప్పల్‌లో కొత్త బంతి ఒకరిది, చివరి ఓవర్ల యార్కర్ ఇంకొకరిది. 2025 సీజన్ ముగిసేసరికి నటరాజన్ ఆడినవి రెండే మ్యాచ్‌లు, చేతికి చిక్కిన వికెట్ ఒక్కటీ లేదు. భువనేశ్వర్ 14 మ్యాచ్‌ల్లో 17 వికెట్లు తీశాడు. జూన్ 3న బెంగళూరు తొలిసారి కప్పు ఎత్తిన రాత్రి అతను ఆ జట్టులోనే ఉన్నాడు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట టీ తాగేవాళ్ల మధ్య ఈ ముచ్చట ఇంకా తెగలేదు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి పొద్దున్నే వచ్చి సీటు పట్టుకుంటారు. మధ్యలో టీకి బయటికొస్తే మాట క్రికెట్ మీదికి పోతుంది. "భువీని ఎట్ల ఇడ్చిపెట్టిన్రన్నా మనోళ్లు?" అని ఒకడు నన్నడిగాడు. "ముప్పై అయిదేండ్లు వస్తున్నయ్, అంత పెట్టి ఎవడు ఉంచుకుంటడు?" అని పక్కనున్నవాడే జవాబిచ్చాడు. ఇద్దరి మాటా సబబే. ఆ ఇద్దరూ లోపల కూర్చుని చేసేవి ప్రాబబిలిటీ లెక్కలు. బౌలర్‌కి ధర కట్టడమూ అదే జాతి లెక్క. కాకపోతే ఇక్కడ ఒక మనిషి వెన్నెముక కూడా లెక్కలో భాగం.

ఈ లెక్కను అందరికంటే ముందు, అందరికంటే పెద్ద మొత్తాలతో చేసింది అమెరికా బేస్‌బాల్. అక్కడ బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. ఒకప్పుడు ఆటగాడు ఒప్పందం ముగిసినా పాత జట్టును వదిలి పోవడానికి వీల్లేదు. 1975 డిసెంబర్‌లో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఇద్దరు పిచ్చర్ల తరఫున ఇచ్చిన తీర్పుతో ఆ కట్టు తెగింది. గడువు తీరినవాడు 'ఫ్రీ ఏజెంట్', ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి పోవచ్చు. అప్పటి నుంచి అక్కడి జట్లను వేధిస్తున్న ప్రశ్న ఒకటే: ఈ చెయ్యి ఇంకెన్నాళ్లు పనిచేస్తుంది? స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2019 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు. ఆ డిసెంబర్‌లోనే వాషింగ్టన్ జట్టు అతనితో ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. ఆ తర్వాత అతను ఆడగలిగినవి ఎనిమిది మ్యాచ్‌లు. గాయాలతో 2024లో రిటైరయ్యాడు. అక్కడ ఒప్పందం సొమ్ముకు పూర్తి హామీ ఉంటుంది. ఆడినా ఆడకపోయినా ఇచ్చి తీరాలి.

మన దగ్గర ఫ్రీ ఏజెంట్ అనే మాట లేదు, వేలంపాట ఉంది. చిక్కు మాత్రం అదే. నిన్నటి ఆట చూసి ధర కడతాం, మనకు దక్కేది రేపటి ఆట.

రేపటి ఆట విలువలో రెండు పాళ్లున్నాయి. మైదానంలోకి దిగితే ఎంత బాగా వేస్తాడన్నది ఒకటి, అసలు ఎన్నిసార్లు దిగుతాడన్నది రెండోది. ఈ రెండూ కూడేవి కావు, గుణించేవి. ఊహకి ఇద్దరు బౌలర్లను తీసుకుందాం. మొదటివాడు దిగిన ప్రతి మ్యాచ్‌లో, బెంచీ మీది కుర్రాడితో పోలిస్తే జట్టుకి 8 పరుగులు మిగులుస్తాడు. రెండోవాడు 5 పరుగులే. మొదటివాడు గాయాల మనిషి, 14 మ్యాచ్‌ల్లో ఏడు ఆడితే గొప్ప. రెండోవాడు పదమూడు ఆడతాడు. మొదటివాడు సీజన్‌లో మిగిల్చేది 56 పరుగులు, రెండోవాడు 65. వేలం రోజు మాత్రం మొదటివాడి పేరు రాగానే హాలు హోరెత్తుతుంది, రెండోవాడి మీద ఇద్దరు ముగ్గురు చెయ్యెత్తితే ఎక్కువ. ఇందులో 'బెంచీ మీది కుర్రాడితో పోలిస్తే' అన్నదే కీలకం. బౌలర్ విలువను సున్నా నుంచి కొలవకూడదు. అతను లేని రోజున వచ్చేవాడి నుంచి కొలవాలి. 2018లో రూ.40 లక్షలకు సన్‌రైజర్స్‌లోకి వచ్చిన నటరాజనే 2020లో 16 వికెట్లు తీసి, యార్కర్లతో దేశాన్ని ఆకట్టుకున్నాడు. అలాంటివాడు బెంచీ మీద ఉన్న జట్టుకి ఖరీదైన బౌలర్ అదనంగా తెచ్చేది తగ్గిపోతుంది.

అయితే నిలకడే సర్వస్వం అని నేననను. 2023 డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ పాట్ కమిన్స్‌ని రూ.20.50 కోట్లకు తీసుకుంది. అదే రోజు కోల్‌కతా మిచెల్ స్టార్క్‌కి రూ.24.75 కోట్లు పెట్టింది. స్టార్క్ మొదటి రెండు మ్యాచ్‌ల్లో ఎనిమిది ఓవర్లకు వంద పరుగులిచ్చాడు, వికెట్ లేదు. నెల తిరిగేలోపు అతని మీద వెక్కిరింతలు వెల్లువెత్తాయి. తర్వాత అహ్మదాబాద్ క్వాలిఫయర్‌లో ట్రావిస్ హెడ్ వికెట్లు ఎగరగొట్టాడు, మే 26న చెపాక్ ఫైనల్లో అభిషేక్ శర్మ ఆఫ్ స్టంప్ లేపేశాడు. రెండుసార్లూ ఎదురుగా ఉన్నది మన జట్టే. ఫైనల్లో 113కే కుప్పకూలిన ఆ రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా ఎవరింట్లో టీవీ ఎప్పుడు కట్టేశారో అందరికీ గుర్తే. ప్లేఆఫ్స్‌కి ఎలాగూ చేరగలమన్న జట్టుకి, ఆ రెండు మూడు రాత్రుల్లో ప్రత్యర్థిని పడగొట్టే బౌలర్ మీద ఎక్కువ పెట్టడం తెలివితక్కువ కాదు. రిస్క్ ఎంతన్నదే కాదు, అది ఏ జట్టుకి అన్నదీ చూడాలి.

ఇక బాగా వేస్తాడన్న మాటకి ఆధారమేంటి? చాలామంది చూసేది పోయిన సీజన్ వికెట్ల సంఖ్య. అది నమ్మదగ్గ కొలత కాదు. 14 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి నాలుగు ఓవర్లు అనుకుంటే, బౌలర్ ఒక సీజన్‌లో వేసేవి 336 బంతులు. నిజమైన సత్తా సీజన్‌కి 16 వికెట్లు ఉన్నవాడు కూడా అదృష్టం వల్లే ఒక ఏడు 12, ఇంకో ఏడు 20 తీయొచ్చు. అరుదుగా వచ్చే ఘటనల్లో అటూఇటూ ఊగిసలాట దాదాపు సగటు వర్గమూలమంత ఉంటుంది. 16కి వర్గమూలం 4. క్యాచ్ జారడం, అంచు తగిలి ఫోర్ పోవడం, అంపైర్ వేలు లేవకపోవడం అన్నీ ఆ నాలుగులోనే. హర్షల్ పటేల్‌ని చూడండి. 2021లో 32 వికెట్లతో పర్పుల్ క్యాప్. బెంగళూరు రూ.10.75 కోట్లు పెట్టింది. 2022లో 19, 2023లో 14. అతని పని అయిపోయిందన్నారు, బెంగళూరు వదిలేసింది. 2024లో పంజాబ్ తరఫున 24 వికెట్లతో మళ్లీ పర్పుల్ క్యాప్. ఆ నాలుగేళ్లలో హర్షల్ నాలుగు రకాల బౌలర్ అయిపోలేదు. చాలావరకు అదే మనిషి, అదే స్లో బంతి. శిఖరం మీదున్న అంకె చూసి కొన్నవాళ్లకు తర్వాతి ఏడు అంకె సగటు వైపు దిగిరావడం గణితం ప్రకారం మామూలే.

మైదానం సంగతి కూడా మరిచిపోకూడదు. 2025లో ఉప్పల్‌లో జోఫ్రా ఆర్చర్ నాలుగు ఓవర్లలో 76 పరుగులిచ్చాడు, అప్పటిదాకా ఐపీఎల్‌లో అన్ని పరుగులు ఎవరూ ఇవ్వలేదు. మూడు వారాలు తిరక్కుండా అదే ఉప్పల్‌లో మహమ్మద్ షమీ 75 ఇచ్చాడు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, స్టేడియం స్టేషన్‌లో దిగి ఆ మ్యాచ్‌లు చూసినవాళ్లకు ఆ పిచ్ మీద ఏం జరిగిందో తెలుసు. అంకె ఒక్కటే చదివినవాళ్లకు తెలియదు.

పాటలోనే దాగున్న ఉచ్చు ఇంకొకటి ఉంది. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ చమురు కంపెనీ ఇంజినీర్లు ముగ్గురు, కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్, ఒక వ్యాసం రాశారు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బ్లాకుల వేలం గెలిచిన కంపెనీలకు ఆశించిన లాభం ఎందుకు రావడం లేదన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లు చెప్పిన కారణం చాలా సూటిగా ఉంది. నేల కింద ఎంత చమురుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, అందరివీ అంచనాలే. ఎవరి అంచనా నిజానికి మించి అందరికంటే పైకి పోయిందో వాళ్లే గెలుస్తారు. దీన్ని గెలిచినవాడి శాపం అంటారు. 1983లో బేజర్‌మన్, శామ్యుయెల్సన్ అనే పరిశోధకులు బిజినెస్ విద్యార్థుల ముందు 8 డాలర్ల విలువైన చిల్లర నింపిన సీసాలు పెట్టి వేలం వేశారు. విద్యార్థుల సగటు అంచనా 5.13 డాలర్లు, అంటే అందరూ కలిసి తక్కువే అనుకున్నారు. అయినా గెలిచిన పాట సగటు 10.01 డాలర్లు.

ఐపీఎల్ హాల్లో పది టేబుళ్లున్నాయి. ఒక బౌలర్ నిజం విలువ 8 కోట్లు అనుకుందాం. పది జట్ల అంచనాలూ సగటున సరైనవే, కానీ ఒక్కొక్కటి అటో ఇటో 2 కోట్ల మేర తప్పుతుంది. పాట చివరి ఇద్దరిలో ఒకరు తగ్గినప్పుడు ఆగుతుంది కదా, అంటే రెండో పెద్ద అంచనా దగ్గర. పది అంచనాల్లో రెండో పెద్దది సగటున 10 కోట్ల దగ్గర ఉంటుంది. ఎవరూ తెలివితక్కువ పని చేయకుండానే రెండు కోట్లు ఎక్కువ పోయాయి. అంచనాల్లో తేడా ఎక్కువున్నచోట ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. గాయం నుంచి తేరుకుంటున్న ఫాస్ట్ బౌలర్‌కి మించి అంచనాలు చీలిపోయే సరుకు వేలంలో ఇంకోటి లేదు. కాబట్టి ఎక్కడ అనుమానం ఎక్కువో అక్కడ చెయ్యి ముందే దించాలి. హాల్లో జరిగేది తరచూ దానికి తలకిందులు.

అంచనా అంతగా ఎందుకు చీలుతుందో తెలియాలంటే బౌలర్ ముందు కాలి దగ్గరికి రావాలి. ఇందిరా పార్క్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో ఎగ్జిబిషన్లు, బుక్ ఫెయిర్ లేని రోజుల్లో కుర్రాళ్లు ఆడుతుంటారు. పొద్దునపూట వెళ్లి, బౌలర్ చేతిని కాక అడుగును చూడండి. క్రీజు గీత దగ్గర మడమ పడినచోట మట్టి గుంట కట్టి ఉంటుంది. ప్రతి బంతికీ అదే గుంటలో మడమ ధన్‌మని దిగుతుంది, మోకాలు బిగుసుకుంటుంది, నడుము పక్కకి వంగి మెలితిరుగుతుంది. అంతా రెప్పపాటులో అయిపోతుంది. ఆ క్షణంలో ముందు కాలి మీద పడే బలం పెద్ద ఫాస్ట్ బౌలర్లలో శరీర బరువుకి అయిదారు రెట్లు, కొందరిలో ఇంకా ఎక్కువ. కాలు ఎంత బిగువుగా నిలబడితే బంతికి అంత వేగం. అంటే వేగాన్నిచ్చేదీ వెన్నును దెబ్బతీసేదీ ఒకే కదలిక.

ఆ బలం పైకి ప్రయాణించి నడుము కింది పూసల్లో, ఎక్కువగా నాలుగు, అయిదు పూసల వెనకభాగంలో ఉండే సన్నటి ఎముక వంతెన మీద పడుతుంది. కుడిచేతి బౌలర్‌కి చాలాసార్లు ఎడమ పక్క, ఎడమచేతివాడికి కుడి పక్క. రోజూ పడే చిన్న పగుళ్లను శరీరం బాగుచేసుకుంటూనే ఉంటుంది. కాకపోతే ఆ మరమ్మతు క్రమం విచిత్రమైనది. ముందు దెబ్బతిన్న ఎముకను కొన్ని కణాలు తొలగిస్తాయి, ఆ తర్వాతే వేరే కణాలు కొత్త ఎముక నింపుతాయి. ఈ రెంటికీ మధ్య కొన్ని వారాలపాటు ఆ చోటు మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. జాన్ ఆర్చర్డ్ బృందం ఆస్ట్రేలియా బౌలర్ల మీద చేసిన పరిశీలనలో, ఒక మ్యాచ్‌లో 50 ఓవర్లకు పైగా వేసినవాళ్లకు గాయం ముప్పు తర్వాతి మూడు వారాల్లో పెరగడం కనిపించింది. బౌలర్ ఈ రోజు హుషారుగా ఉండొచ్చు. పోయిన నెల బిల్లు వచ్చే నెల రావొచ్చు.

పైగా నడుము ఎముక పూర్తిగా గట్టిపడేది ఇరవైల నడిమికి. మనం మెచ్చే కుర్రవేగమంతా అంతకుముందుదే. మయాంక్ యాదవ్ 2024లో గంటకు 156.7 కిలోమీటర్ల బంతి వేసినప్పుడు వయసు 21. ఆ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. లక్నో రూ.11 కోట్లకు అట్టిపెట్టుకుంది. 2025లో రెండు మ్యాచ్‌లు ఆడాడు. బేస్‌బాల్‌లో ఇదే కథ మోచేతి దగ్గర జరుగుతుంది. పిచ్చర్ చెయ్యి వంచి విసురుతాడు కాబట్టి మోచేతి లోపలి పక్క లిగమెంట్ తెగుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ లిగమెంట్ స్థానంలో వేరేచోటి టెండన్ తెచ్చి కుట్టాడు. ఆ తొలి రోగి టామీ జాన్ పేరే ఆ ఆపరేషన్‌కి నిలిచిపోయింది. మన బౌలర్ చెయ్యి చాపి వేస్తాడు, భారం వెన్ను మీదికి పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ వెన్ను సంగతి ఎవరికి తెలుసు? బౌలర్‌కి, అతని పాత జట్టు ఫిజియోకి. కొనేవాడికి తెలిసేది తక్కువ. 1970లో జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల సంత గురించి చెప్పింది ఇదే: అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియనప్పుడు సంతలోకి లోపమున్న బండ్లే ఎక్కువ వస్తాయి. కెనెత్ లేన్ 1984లో బేస్‌బాల్ మీద ఈ ఆలోచనను పరీక్షించాడు. పాత జట్టే మళ్లీ తీసుకున్నవాళ్లతో పోలిస్తే, పాత జట్టు వదిలేస్తే కొత్త జట్టుకి వెళ్లినవాళ్లు ఒప్పందం తర్వాత గాయాల జాబితాలో ఎక్కువ రోజులు గడిపారు. అయితే ఐపీఎల్‌కి దీన్ని ఉన్నదున్నట్టు దించలేం. 2024 మెగా వేలానికి ముందు ఆరుగురికి మించి ఉంచుకోకూడదన్న నిబంధన ఉండేది. సన్‌రైజర్స్ క్లాసెన్, కమిన్స్, అభిషేక్, హెడ్, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి కలిపి రూ.120 కోట్ల పర్సులో రూ.75 కోట్లు ఖర్చుపెట్టేసింది. భువీని వదలడం అతని ఒంటి మీద తీర్పు కాదు, పర్సు మీద తీర్పు. అక్కడ బెంగళూరు దాన్ని సరిగ్గా చదివింది.

అదే వేలంలో సన్‌రైజర్స్ షమీకి రూ.10 కోట్లు పెట్టింది. 2023 ప్రపంచకప్‌లో ఏడు మ్యాచ్‌ల్లో 24 వికెట్లు, తర్వాత మడమకు ఆపరేషన్, దాదాపు ఏడాది విరామం, వేలానికి కొద్ది రోజుల ముందే రంజీలో పునరాగమనం. ఒక్క రంజీ మ్యాచ్ చూసి 34 ఏళ్ల శరీరం గురించి అంత ధీమా పెట్టుకోవడం నా దృష్టిలో తొందరపాటే. ఫలితం చూసి అంటున్నది కాదు. అనుమానం అంత పెద్దదిగా ఉన్నప్పుడు ధర అంత నిండుగా ఉండకూడదు. 2025లో అతను 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లు తీశాడు, తర్వాత లక్నోకి వెళ్లిపోయాడు.

నష్టం ఎవరికి అన్నది మిగిలింది. బేస్‌బాల్‌లో హామీ ఒప్పందం వల్ల గాయం ఖర్చు జట్టు మోస్తుంది. ఐపీఎల్‌లో సీజన్ అయ్యాక జట్టు వదిలేయొచ్చు, కాబట్టి మోత చాలావరకు బౌలర్ మీదికే జారుతుంది. 2022లో సన్‌రైజర్స్ తరఫున 22 వికెట్లు తీసి, 157 కిలోమీటర్ల బంతి వేసిన ఉమ్రాన్ మాలిక్ అప్పటి ధర రూ.4 కోట్లు, 2024 వేలంలో రూ.75 లక్షలు. 2025 నుంచి ఆడిన ప్రతి మ్యాచ్‌కి రూ.7.5 లక్షల ఫీజు పెట్టారు. మంచిదే, కానీ అది ఆడినవాడికి దక్కేది. వెన్ను విరిగి ఇంట్లో కూర్చున్నవాడికి కావలసింది వేరు. నా మట్టుకు ఫాస్ట్ బౌలర్ల ఒప్పందాల్లో రెండేళ్ల కనీస హామీ ఉండాలి. అప్పుడు జట్టుకే అతని ఓవర్లు లెక్కపెట్టాలన్న అవసరం పుడుతుంది.

ఆ లెక్క విలువ మన ఊరివాడే చూపించాడు. ఫస్ట్ లాన్సర్ గల్లీల్లో పెరిగిన ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ని 2017లో సన్‌రైజర్స్ రూ.2.60 కోట్లకు తీసుకుంది, ఏడాదికే పోగొట్టుకుంది. 2024లో గుజరాత్ రూ.12.25 కోట్లు పెట్టింది. 2025 ఏప్రిల్ 6న అతను ఉప్పల్‌కే వచ్చి 17 పరుగులకు 4 వికెట్లు తీసి వెళ్లాడు. ఆ వేసవిలో ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులూ ఆడి, 185.3 ఓవర్లు వేసి, 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో చివరి రోజు గెలుపు వికెట్ కూడా అతనిదే. సిరాజ్ కంటే బుమ్రా గొప్ప బౌలర్ అని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ సిరీస్‌లో వెన్ను కాపాడుకోవడానికి బుమ్రా మూడు టెస్టులే ఆడాడు. రోజూ దిగే ఒళ్లు కూడా ప్రతిభే, వేలం దానికి ఇంకా సరైన ధర కట్టడం లేదు.

ఎన్టీఆర్ స్టేడియం గుంట దగ్గరున్న కుర్రాడి ఓవర్లు ఎవరూ రాయడం లేదు. ఆదివారం రెండు మ్యాచ్‌లు, వారంలో నెట్స్, స్కూల్ టోర్నీ, అన్నింటికీ వేర్వేరు కోచ్‌లు. ఇంగ్లండ్ బోర్డు వయసును బట్టి స్పెల్‌కి ఇన్ని, రోజుకి ఇన్ని ఓవర్లే అని హద్దు పెట్టింది. ఇక్కడ తల్లిదండ్రులో కోచో ఒక నోటుపుస్తకం పెడితే చాలు: ఆ రోజు వేసిన బంతులు, నెట్స్‌వి కూడా కలిపి. వారం మొత్తం గత నెల సగటుకంటే ఒక్కసారిగా ఎంత పెరిగింది, నొప్పి ఉందా, ఎక్కడ. పద్నాలుగు, పదిహేనేళ్ల పేసర్ వెనక్కి వంగినప్పుడు నడుము కింద ఒక్క పక్కే నొప్పి అంటే దాన్ని కండరం పట్టేయడం అని నూనె రాసి వదిలేయకూడదు. ఎముక ఒత్తిడి తొలిదశ ఎక్స్‌రేలో కనబడదు, ఎంఆర్ఐలో కనబడుతుంది. ఆ దశలో పట్టుకుంటే ఆపరేషన్ లేకుండా, కొన్ని నెలల విశ్రాంతితోనే చాలామందిలో ఎముక అతుక్కుంటుంది.